దోమకో అణా

మా యాప్రాల్ కాలనీలో సాయంత్రం పూట సిమెంటు బెంచీ ఎక్కేవాళ్లలో చాలామందికి పేరుకంటే ముందు హోదా ఉంటుంది. కర్నల్ గారు, వింగ్ కమాండర్ గారు, సుబేదారు గారు. నేను బ్యాంకులో ముప్పై మూడేళ్లు ఊళ్లోవాళ్ల డబ్బు లెక్కపెట్టి రిటైరైనవాణ్ణి. అందుకని బెంచీ మీద నాది చెత్తకుండీ వైపు చోటు. వాళ్లు పూంఛ్ అనీ కార్గిల్ అనీ మాట్లాడుకుంటుంటే, నా సర్వీసులో నేను చూసిన ఒకే ఒక్క యుద్ధం, 2016 నవంబరు నోట్ల రద్దు, గురించి చెబుదామని రెండుసార్లు గొంతు సవరించుకున్నాను. దగ్గనుకుని సుబేదారు గారు అల్లం నమలమన్నారు.

నన్ను చెత్తకుండీ పక్కనుంచి బెంచీ మధ్యకు జరిపినవి నాలుగు ఇంగ్లీషు నవలలు.

మా చెల్లెలి కొడుకు డాలస్ నుంచి వచ్చి, తిరిగి వెళ్లేటప్పుడు ఆవకాయ సీసాలకు పెట్టెలో చోటు చాలక వాటిని మా ఇంట్లో వదిలేశాడు. "మామయ్యా, ఇవి మిలటరీ సైన్స్ ఫిక్షన్. మిస్టరీ కూడా ఉంటుంది. మీరుండేది మిలటరీ ఏరియాయే కదా, బాగా అర్థమవుతాయి" అన్నాడు. మెట్టుగూడలో ఇల్లు తీసుకుని ఉంటే రైలు నడిపే పుస్తకం ఇచ్చేవాడేమో.

చూడబోతే మూడు నవలల్ని ఒకే అట్టలో కుట్టినట్టున్నాయి. తుపాకులు ఒక నవల, గ్రహాలు ఒక నవల, ఎవరు చంపారన్నది మూడోది. పాఠకుడు ఏదో ఒకదానికోసం కొంటాడు, తక్కిన రెండూ కొసరు. నా మట్టుకు నేను మూడోదానికి పడిపోయే రకం. చిలకలగూడలో మా చిన్నప్పుడు అద్దె పుస్తకాల షాపుండేది. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధరూ, మధుబాబు గారి షాడో నాకు అక్కడే పరిచయం. షాపాయన గొప్ప ఆర్థికవేత్త. అద్దె బాకీ ఉన్నవాడికి పుస్తకం ఇచ్చేముందు చివరి నాలుగు కాగితాలు ఊడదీసి గల్లాపెట్టెలో దాచుకునేవాడు. హంతకుడెవరో తెలియాలంటే బాకీ కట్టాలి. బ్యాంకులో ఇన్నేళ్లు ఎన్నో రికవరీ పద్ధతులు చూశాను కానీ, అంత గట్టి పూచీకత్తు మళ్లీ తగల్లేదు. ఇప్పటికీ యుగంధర్ పట్టుకున్న ముగ్గురు హంతకుల పేర్లు నాకు తెలియవు. ఆ బాకీ రెండున్నర రూపాయలు.

సరే, నాలుగింటిలో మొదటిది జో హాల్డ్‌మన్ 1974లో వేసిన 'ది ఫరెవర్ వార్'. పగలు చదవడం, సాయంత్రం బెంచీ మీద తెలుగులో చెప్పడం. మొదట్లో సుబేదారు గారొక్కరే విన్నారు. ఆయనది పశ్చిమ గోదావరి జిల్లా మాధవరం. ఇంటికో సిపాయి ఉంటాడని మిలటరీ మాధవరం అంటారే, ఆ ఊరు. ఈ.ఎం.ఈ.లో ఇరవయ్యెనిమిదేళ్లు జనరేటర్లూ రేడియో సెట్లూ విప్పి బిగించారు. ఏ వస్తువునైనా ముందు తిరగేసి స్క్రూలెక్కడున్నాయో చూస్తారు. కథనైనా అంతే.

కథలో మాండెల్లా అనే కుర్రాణ్ణి 1997లో సైన్యంలోకి లాగేస్తారు. శత్రువు ఎక్కడో నక్షత్రాల మధ్య ఉంటాడు. అక్కడిదాకా కాంతి వేగానికి దరిదాపుల్లో వెళ్లిరావాలి. ఓడలో వీడికి నెలలు గడిస్తే భూమ్మీద ఏళ్లూ పూళ్లూ గడిచిపోతాయి. ఇంత చెప్పేసరికి సుబేదారు గారు చెయ్యెత్తారు.

"ఆగండి క్యాషియరు గారూ. సర్వీసు ఏ గడియారం ప్రకారం కడతారండీ? ఓడ గడియారమా, రికార్డాఫీసు గడియారమా?"

"భూమి లెక్కేనండీ. ఒక్క ట్రిప్పు తిరిగొచ్చేసరికి వాడి ఖాతాలో ఏళ్ల తరబడి జీతం, దాని మీద వడ్డీ."

బెంచీ మీద నిశ్శబ్దం. వింగ్ కమాండర్ గారు చెవిలోంచి పాటల తీగ తీసేశారు. కర్నల్ గారు కొంచెం జరిగి, "కమ్, సిట్ హియర్" అని బెంచీ మధ్య భాగం చేత్తో తట్టారు.

ఆ తర్వాత రెండు సాయంకాలాలు కథ ముందుకు నడిస్తే ఒట్టు. యుద్ధం వెయ్యేళ్లకు పైగా సాగుతుందని నేను నోరు జారాను. వెయ్యేళ్లలో ఎన్ని పే కమిషన్లు? పదేళ్లకొకటి చొప్పున వంద. ప్రతిదానికీ అరియర్స్. ఒకే ర్యాంకుకు ఒకే పెన్షన్ అంటున్నారే, వీడికి ఏ శతాబ్దపు ర్యాంకు పట్టుకుని ఫిక్స్ చేస్తారు? అన్నిటికంటే పెద్ద చిక్కు సుబేదారు గారే లేవదీశారు. ఏటా నవంబరులో బతికే ఉన్నానని లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి కదా. వీడు నక్షత్రాల దగ్గరున్న ఒక్క నెలలో భూమ్మీద పది నవంబర్లు వెళ్లిపోతే? నేనూ బ్యాంకువాణ్ణే కాబట్టి ధైర్యంగా చెప్పగలిగాను: మొదటి నవంబరు దాటగానే పెన్షన్ ఆగిపోతుంది, తక్కిన తొమ్మిదింటి సంగతి దేవుడెరుగు. "అయితే ఆ కుర్రాణ్ణి చంపింది శత్రువు కాదండి, డిసెంబరు" అని తేల్చారు సుబేదారు గారు.

మూడో రోజు, ఈ హాల్డ్‌మన్ వియత్నాంలో పోరాడి గాయపడి వచ్చినవాడని చెప్పాను. వెయ్యేళ్లూ గ్రహాలూ అన్నీ ముసుగేనని, యుద్ధం నుంచి తిరిగొచ్చిన కుర్రాడికి సొంత ఊరే పరాయి గ్రహంలా కనిపించడం అసలు కథనీ అన్నాను. ఈసారి ఎవరూ అరియర్స్ మాట ఎత్తలేదు. కాసేపటికి సుబేదారు గారు, ఎవర్నీ చూడకుండా, "నేను పూంఛ్ నుంచి సెలవు మీదొచ్చానండి ఒకసారి. పద్నాలుగు నెలల తర్వాత. మా పెద్దోడు గుమ్మంలో ఉన్నాడు, రెండేళ్లోడు. లోపలికెళ్లి, 'అమ్మా, ట్రంకుపెట్టె మావయ్య వచ్చాడు' అన్నాడు" అన్నారు. తర్వాత లేచి, నీళ్లు వచ్చే టైమైందని వెళ్లిపోయారు. నీళ్లు ఆ రోజు పొద్దున్నే వచ్చాయి.

రెండో పుస్తకం జాన్ స్కాల్జీ 2005లో రాసిన 'ఓల్డ్ మ్యాన్స్ వార్'. అందులో సైన్యంలో చేరాలంటే కనీస వయసు డెబ్బయ్యైదు. చేరితే కొత్త ఒళ్లు ఇస్తారు, ఆకుపచ్చ రంగులో. మా బెంచీ మీద ఈ పుస్తకం గురించి సాహిత్య చర్చ జరగలేదు. అప్లికేషన్ ఎక్కడ దొరుకుతుందన్నారు. కర్నల్ గారికి డెబ్బై నాలుగు. మోకాలు నిమురుకుంటూ, ఒక ఏడాది రిలాక్సేషన్ ఇస్తారేమో కనుక్కోమన్నారు. ఆకుపచ్చ ఒంటి మాట ఆయన పట్టించుకోలేదు. జీవితమంతా ఆకుపచ్చ బట్టల్లో గడిచింది కదా, ఈసారి ఇస్త్రీ ఖర్చు మిగులుతుందన్నారు.

మూడోది ఐజాక్ అసిమోవ్ 1954 నాటి 'ది కేవ్స్ ఆఫ్ స్టీల్'. పోలీసూ రోబో కలిసి హత్యకేసు తేల్చే కథ. సైన్యం తక్కువ కాబట్టి మావాళ్లు అంతంతమాత్రంగా విన్నారు. దీని వెనక ఉన్న పేచీ మాత్రం నాకు భలే నచ్చింది. సైన్స్ ఫిక్షన్‌లో డిటెక్టివ్ కథ కుదరదని అసిమోవ్‌తో ఆయన ఎడిటర్ జాన్ క్యాంప్‌బెల్ అనేవాడట. ఎందుకంటే డిటెక్టివ్ ఎక్కడ ఇరుక్కున్నా జేబులోంచి ఏదో కొత్త యంత్రం తీసి మీట నొక్కేస్తాడు, పాఠకుడు నోరు తెరుచుకుని చూడాలి. అలా మోసం చెయ్యకుండా కూడా రాయొచ్చని అసిమోవ్ రాసి చూపించాడు. ఇదంతా నేను విశదంగా చెబితే సుబేదారు గారు ఒక్క ముక్కలో తేల్చేశారు: "అంతేగదండీ. మొదటి పేజీలో ఇండెంటు పెట్టని పార్టు ఆఖరి పేజీలో ఇష్యూ చెయ్యకూడదు." విమర్శ గ్రంథాలు చాలానే చదివాను, మిస్టరీ నవల గురించి ఇంతకంటే గట్టి సూత్రం చూడలేదు. మన డిటెక్టివ్ నవలలు కొన్నిటిని ఈ సూత్రంతో ఆడిట్ చేస్తే చాలా స్టోర్లకు తాళాలు పడతాయి. మారువేషాలు ఒక్కటే చాలు, ఎక్కడా లెడ్జరులో ఎక్కని సరుకు.

ఇక నాలుగోది. అమితవ్ ఘోష్ 1995లో వెలువరించిన 'ది కలకత్తా క్రోమోజోమ్'. ఇంగ్లండులో సైన్స్ ఫిక్షన్‌కిచ్చే ఆర్థర్ సి. క్లార్క్ అవార్డు 1997లో దీనికొచ్చింది. కథ మొదలయ్యేది న్యూయార్కులో, ఒక కంప్యూటరు ముందు. ఎప్పుడో కలకత్తాలో మాయమైన మురుగన్ అనే మనిషి గుర్తింపు కార్డు బయటపడుతుంది. ఆ తీగ లాగితే డొంకంతా ఎక్కడ కదులుతుందనుకున్నారు? సికింద్రాబాదులో. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో, పటాలం డాక్టరు రోనాల్డ్ రాస్ బల్ల మీద, చచ్చిన దోమ పొట్టలో.

ఊరి పేరు వినగానే బెంచీ మీద వెన్నులు నిటారయ్యాయి. అదేం విచిత్రమో, పదివేల కాంతి సంవత్సరాల అవతల యుద్ధమంటే పల్లీలు తింటూ విన్న మనుషులు, బేగంపేట అనగానే పొట్లం పక్కన పెట్టేశారు.

ఆలోచిస్తే ఈ రకం నవలకు ఇంతకంటే తగిన ఊరు లేదు. ఈ ఊరే పటాలం కోసం పుట్టింది. సికందర్ జా పేరు మీద 1806లో సికింద్రాబాద్ అయిందన్నది కాగితాల మీద మాట. జనం నోట లష్కర్, అంటే సైన్యమే. పేటల పేర్లు చూడండి: రెజిమెంటల్ బజార్, పికెట్, కార్ఖానా, గన్‌రాక్. ఉజ్జయిని మహంకాళి అమ్మవారు కూడా పటాలం వెంట వచ్చినావిడే. ఇక్కడి సైన్యంలో డోలీ మోసే సూరిటి అప్పయ్యకు ఉజ్జయిని బదిలీ అయిందని, 1813లో ఊరిని కలరా ఊడ్చేస్తుంటే అక్కడి అమ్మవారికి మొక్కుకున్నాడని, తిరిగొచ్చి 1815లో ఇక్కడ ప్రతిష్ఠించాడని చెబుతారు. లష్కర్ బోనాలు నేటికీ జరుగుతున్నాయి. సైన్యం, జబ్బు, బదిలీ. రాస్ కథలోనూ సరుకు ఇదే.

రాస్‌ది మన ఇళ్లల్లో కథే. అబ్బాయికి కవిత్వం మీద, నవలల మీద మోజు, నాన్న వినకుండా మెడిసిన్‌లో పడేశాడు. పిచ్చి చావక 1889లో 'ది చైల్డ్ ఆఫ్ ఓషన్' అని నవల కూడా వేశాడు. మలేరియా వెనక దోమ ఉందన్న అనుమానం ఆయన బుర్రలో నాటింది పాట్రిక్ మాన్సన్ అనే పెద్ద డాక్టరు, 1894లో లండన్‌లో. అదీ సగం అనుమానమే. దోమ చచ్చిపడిన నీళ్లు తాగితే జ్వరమొస్తుందేమోనని. మరుసటేడు సికింద్రాబాదుకు వచ్చిన రాస్, లచ్మన్ అనే డోలీ మోసే కుర్రాడి చేత దోమలు నానబెట్టిన నీళ్లు తాగించాడు. మళ్లీ డోలీయే, గమనించారా? రోగిని మోసేవాడికే రోగమూ అంటగట్టే ఆచారం ఈ ఊళ్లో పాతదే.

తర్వాత రెండేళ్లు ఆయన పట్టి కోసిన దోమలన్నీ నిర్దోషులే. మనుషుల మలేరియాతో ఏ సంబంధమూ లేని జాతులు. 1897 ఆగస్టులో రెక్కల మీద మచ్చలున్న దోమలు కొన్ని చేతికొచ్చాయి. ఆగస్టు 16న హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగి చేత వాటికి రక్తం తాగించాడు. కుట్టిన దోమకో అణా చొప్పున రేటు. పది దోమలు కుట్టాయి, పదణాలు. నాలోని క్యాషియరు ఇక్కడ చాలాసేపు ఆగిపోయాడు. రూపాయికి ఆరణాలు తక్కువ. పాపం ఇంకో ఆరు దోమలు ముందుకొచ్చి ఉంటే చిల్లర గొడవ లేకుండా పోయేది.

అవతల రాస్ అవస్థ చూడండి. కోసిన దోమ ముక్కలు ఎగిరిపోతాయని పంకా లాగనివ్వడు. ఉక్కపోత. నుదుటి చెమట కారి మైక్రోస్కోపు స్క్రూలు తుప్పు పట్టాయి, మిగిలిన ఒక్క కంటి అద్దమూ పగిలి ఉంది. స్క్రూల మాట వినగానే సుబేదారు గారు బాధగా మూలిగారు. ఆగస్టు 20న మచ్చల దోమ పొట్ట గోడలో, ఉండకూడని చోట, నల్లటి రేణువులున్న గుండ్రటి కణాలు కనిపించాయి. ఆ రేణువులు మలేరియా క్రిమి గుర్తు. మర్నాడు మిగిలిన ఆఖరి దోమను కోస్తే అవే కణాలు, కాస్త పెద్దవై ఉన్నాయి. అంటే పెరుగుతున్నాయి. ముద్దాయి దొరికింది.

"అప్పుడేం జరిగిందో చెప్పుకోండి" అన్నాను.

"మెడల్ ఇచ్చుంటారు" అన్నారు వింగ్ కమాండర్ గారు.

"ట్రాన్స్‌ఫర్" అన్నారు సుబేదారు గారు, టక్కున.

ట్రాన్స్‌ఫరే. సెప్టెంబరు దాటకుండానే పంపించేశారు, ఎక్కడో రాజపుతానాలో ఖేర్వాడాకి. అక్కడ మలేరియా అంతంతమాత్రం. ఏ డిటెక్టివ్ నవలా రచయితకైనా ఈ మలుపు తడుతుందా? యుగంధర్ తలుపు తన్ని "హంతకుడు..." అనబోతుంటే, అసిస్టెంటు రాజు వచ్చి "సార్, మిమ్మల్ని ఆదిలాబాదు వేశారు" అన్నట్టు. "ఆయ్, ఇది నిజంగా జరిగిందేనండి. కల్పితమైతే ఇంత కచ్చితంగా కుదరదు" అన్నారు సుబేదారు గారు. రాస్ 1898లో కలకత్తా చేరి పక్షుల్లో మిగతా ముడి విప్పాడు, 1902లో నోబెల్ తీసుకున్నాడు, ఇటలీ శాస్త్రవేత్త గ్రాసీతో ఘనత నాదంటే నాదని బతికున్నంతకాలం పోట్లాడాడు. ఆయన పనిచేసిన భవనం బేగంపేటలో, పాత విమానాశ్రయం పక్కన ఉంది. నల్లకుంట ఫీవరాసుపత్రి బోర్డు మీదా ఆయన పేరే. జనం మాత్రం కోరంటి అంటారు. క్వారంటైన్‌ను నోట్లో నాలుగు తిప్పులు తిప్పితే కోరంటి. సర్ రోనాల్డ్ రాస్‌ను ఎన్ని తిప్పులు తిప్పినా తెలుగు కాలేదు కాబోలు.

ఇంతవరకూ చరిత్ర. ఘోష్ నవల ఇక్కడ చెయ్యి తిప్పుతుంది. అంత అనుభవంలేని డాక్టరుకు సరైన సమయంలో సరైన రోగి, సరైన దోమ ఎలా వచ్చి పడ్డాయి? ఈ లచ్మన్ ఎవరసలు? నవల చెప్పేదేమంటే, రాస్ దోమల మీద ప్రయోగం చేస్తున్నాననుకుంటుంటే, ఆయన చుట్టూ ఉన్న నౌకర్లు ఆయన మీద చేస్తున్నారు. వాళ్లకు కావలసిన జవాబు వైపు ఒక్కొక్క ఆధారం ఆయన బల్ల మీద పెడుతూ వచ్చారు. ఇది చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. గొంతు తగ్గించి, కళ్లు పెద్దవి చేసి, చెప్పవలసినట్టుగా చెప్పాను.

సుబేదారు గారికి ఏమీ జలదరించలేదు. "ఇందులో మిస్టరీ ఏముందండీ? ప్రతి యూనిట్లోనూ అంతేగా. ఫైలు మీద ఏం రాయాలో సుబేదార్ మేజరు అనుకుంటాడు. అది తనకే తట్టిందని సీవో గారు అనుకుంటారు."

కర్నల్ గారు గట్టిగా దగ్గారు. ఈసారి అల్లం సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఆఖరి అధ్యాయం చెప్పేనాటికి ఆగస్టు నెల, సన్నటి తుంపర. బెంచీ తడిసి ఉండటాన మేమిద్దరం సుబేదారు గారి వరండాలో కూచున్నాం. నవల ముగింపు తేటగా ఉండదు. ముడులు కొన్ని అలాగే వదిలేసి పుస్తకం అయిపోతుంది. ఆయన నన్ను అనుమానంగా చూశారు. పుస్తకం తీసుకుని, అట్ట తిరగేసి, కుట్టు దగ్గర కాగితాలు ఊడిన జాడ ఉందేమోనని వేలుపెట్టి పరీక్షించారు. "నిజం చెప్పండి క్యాషియరు గారూ, మీరేమైనా దాచారా?" చిలకలగూడ షాపాయన గల్లాపెట్టె నా కళ్లముందు మెదిలింది.

అదే సమయానికి ఒక దోమ వచ్చి ఆయన ముంజేతి మీద వాలింది. నేను బ్యాటందుకున్నాను.

"ఆగండాగండి" అని గుసగుసగా వారించారు. "మామూలు దోమలా లేదు. తల కిందికి పెట్టి వెనకభాగం పైకెత్తింది. రెక్కల మీద మచ్చలున్నాయేమో చూడండి."

వంగి చూశాను. కళ్లజోడు ఇంట్లో మర్చిపోయాను. ఆయనది ఆయన నెత్తి మీదే ఉంది, కానీ చెయ్యి కదిపితే దోమ ఎగిరిపోతుంది. ఇద్దరం ఊపిరి బిగబట్టి, కళ్లు చికిలించుకుని, ఆ చేతి మీదికి వంగి ఉండిపోయాం. లోపల్నుంచి వాళ్లావిడ టీ గ్లాసులతో వచ్చి, "ఏం చేస్తున్నారండీ ఇద్దరూ?" అని ఆగిపోయారు.

దోమ తీరిగ్గా తాగి, కడుపు ఎర్రబడ్డాక, బరువుగా లేచి కుండీల వైపు వెళ్లిపోయింది.

సుబేదారు గారు ముంజెయ్యి గోక్కుంటూ రెండో చెయ్యి నా ముందు చాపారు.

"అణా ఇవ్వండి."